మలేరియా సారు గీసిన ఇంటి కాయిదాలు

పదిహేను రోజులకొకసారి ప్రతి ఇంటికీ వెళ్లి "జ్వరం ఎవరికన్నా ఉందామ్మా?" అని అడగడం చెంచురామయ్య గారి ఉద్యోగం. ఉందన్నవాళ్ల వేలికొస సూదితో పొడిచి, రెండు చుక్కల నెత్తురు గాజుపలక మీద పూసి, పేరూ నంబరూ రాసుకునేవారు. క్లోరోక్విన్ మాత్రలు తన కళ్ల ముందే మింగించి, గోడ మీద గీసిన గళ్లలో తారీఖు వేసి, సంతకం పెట్టి తర్వాతి ఇంటికి కదిలేవారు. ముప్పై ఎనిమిది ఊళ్లు, ఒక సైకిలు, ఒక ఖాకీ సంచీ. ఊళ్లలో ఆయన్ని మలేరియా సారు అనేవాళ్లు.

ఆ గాజుపలకలు నా దగ్గరికి వచ్చేవి. దమ్మపేట దాటి అడవి వైపు పోయే దారిలో ఉన్న ఒక చిన్న సర్కారు దవాఖానాలో నేను మైక్రోస్కోపు చూసే టెక్నీషియన్‌గా 1974లో చేరాను. అప్పటికే ఆయన ఆ దారుల్లో పన్నెండేళ్లుగా తిరుగుతున్నారు. వాళ్లది వేంసూరు దగ్గర రైతు కుటుంబం. తండ్రి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డారు. అన్నలిద్దరూ సేద్యంలో ఉండిపోతే, ఈయన ఎస్సెల్సీ పాసై మలేరియా శాఖలో చేరారు. భార్య, తల్లి ఆదెమ్మ గారు ఊళ్లోనే ఉండేవారు. ఈయన దవాఖానా పక్కన ఒక గది కిరాయికి తీసుకుని ఆదివారాలు ఇంటికి వెళ్లొచ్చేవారు.

మనిషి పొడుగు, సన్నం. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ఉండేది. గట్టిగా మాట్లాడగా నేను వినలేదు.

1976 వానాకాలంలో మలేరియా బాగా పెరిగింది. రోజుకు ఎనభై, తొంభై పలకలు వచ్చేవి. వాటిలో ఒకటి వాగొడ్డు తండా నుంచి వచ్చింది. "రూప్లి, భర్త పేరు చెప్పలేదు" అని రాసి ఉంది. అందులో జ్వరపు పురుగు కనిపించింది. నేను చీటీ రాశాను, ఆయన అయిదు రోజుల మందు తీసుకెళ్లి రూప్లికి ఇచ్చి వచ్చారు. అయితే ఆ తండాలో రూప్లిలు ముగ్గురు. ఆడవాళ్లు భర్త పేరు నోటితో చెప్పరు కాబట్టి కాగితం మీద ముగ్గురూ ఒకటే. మందు ఆరోగ్యంగా ఉన్న రూప్లికి చేరింది. జబ్బుపడ్డ రూప్లి రెండు వారాలు చలితో వణికి వణికి, చివరికి లేవలేని స్థితిలో ఎడ్లబండి మీద దవాఖానాకు వచ్చింది. వెంట భర్త హేమ్లా, పద్నాలుగేళ్ల కూతురు లాలి ఉన్నారు.

డాక్టరు గారు రిజిస్టరు తిప్పుతుంటే, ఆయన అడగకముందే చెంచురామయ్య గారు ముందుకు వచ్చి "తప్పు నాదేనండి" అన్నారు. "ఏ రూప్లో నేను తేల్చుకోలేదు."

ఆమె పన్నెండు రోజులు మంచం మీద ఉంది. ఆ పన్నెండు రోజులూ తిరుగుడు ముగించుకుని వచ్చి ఆయనే మాత్రలు ఇచ్చారు, ఆయనే నీళ్ల గ్లాసు పట్టారు. ఆమె కోలుకుని బండెక్కేటప్పుడు "నువ్వు మందు ఇచ్చినవు, బతికిన. ఇంక అది మనసుల పెట్టుకోకు సారూ" అంది. ఆయన పెట్టుకున్నారు.

మలేరియా గురించి మా ఆఫీసుకు పెద్ద పెద్ద గోడపోస్టర్లు వచ్చేవి. ఒకవైపు దోమ బొమ్మ, వెనక తెల్లగా ఖాళీ. ఆయన అయిదారు పోస్టర్లు చుట్టచుట్టి సైకిలుకు కట్టుకుని వాగొడ్డు తండాకు వెళ్లారు. ఒక్కో ఇంటికీ ఒక్కో కాగితం. ఇంట్లో ఎవరెవరు, ఎవరి తండ్రి ఎవరు, ఏ కోడలు ఏ తండా నుంచి వచ్చింది, అన్నీ గీతలతో కలుపుతూ రాసుకోవాలని ఆయన ఉద్దేశం. అది ఉంటే ఒకే పేరున్న ఇద్దరు మనుషులు మళ్లీ కలిసిపోరు. మొదటి రూప్లి పుట్టిల్లు కల్లూరు వైపు అని తేలింది. రెండో రూప్లిది పక్క తండాయే. మూడో ఆమె, జ్వరపడి లేచిన రూప్లి, తలుపు దగ్గర కూచుని కాగితం వైపు చూస్తూ ఉండిపోయింది.

"మీ నాన్న పేరేంటమ్మా?"

"తెల్వదు."

"పుట్టిల్లు?"

"నాకు పుట్టిల్లు లేదు సారూ. నేను దొరికిన పిల్లను. నెమలిగూడెంల కోయోళ్లు పెంచిన్రు. జంపక్కను అడుగు, ఆమెకు తెలుస్తది."

లాలి గోడకానుకుని నిలబడి ఉంది. "మా అమ్మకు అన్నదమ్ములు లేరు. నా పెండ్లికి మేనమామ ఉండడు" అని మెల్లగా అంది. పక్కింటి ఆడవాళ్లు అన్న మాటే అయి ఉంటుంది అది.

నెమలిగూడెం వాగు దాటితే రెండు మైళ్లు. జంపక్క అక్కడ వ్యవసాయం చేసుకునే కోయ ఆడమనిషి, రూప్లి కన్నా రెండు మూడేళ్లు పెద్ద. రూప్లిని పెంచింది ఆమె తల్లి. ఆ తల్లి చనిపోయి చాలా ఏళ్లయింది. ఇద్దరూ ఒకే ఈత చాప మీద పెరిగారు. పెళ్లీడు వచ్చాక, ఈ పిల్ల లంబాడీ పిల్ల కాబట్టి వాళ్లలోకే వెళ్లాలని గూడెం పెద్దలు వాగొడ్డు తండా పెద్దమనిషికి అప్పగించారు. ఆయన కూతురిగా భావించి హేమ్లాకు ఇచ్చి చేశాడు.

చెంచురామయ్య గారు అడిగిన ప్రశ్నలకు జంపక్క నోటితో జవాబు చెప్పలేదు. లోపలికి వెళ్లి రెండు దోసిళ్ల గింజలు తెచ్చి అలికిన నేల మీద పరిచింది. చింతగింజ అంటే మగమనిషి. ఇప్పగింజ అంటే ఆడమనిషి.

"ఇది మా అవ్వ, నన్ను కన్నది. ఇది మా అవ్వను కన్న అవ్వ. గామెకు నలుగురు, ఒకరు పురిట్లనే పోయిన్రు, చిన్న గింజ పెడ్త. ఇది నేను. ఇది మా తమ్ముడు పగిడయ్య." అలా ఆరు తరాలు పరిచింది. ఒక్క చోట కూడా తడుముకోలేదు. చివరికి ఒక ఇప్పగింజ తీసి తన గింజకు ఆనించి పెట్టింది. "ఇది రూప్లి. మా అవ్వ దీన్ని నా పక్కన పండబెట్టింది. అందుకే గిట్ల పెడ్తున్న."

రూప్లి ఎలా వచ్చిందో కూడా చెప్పింది. రెండు వాగులు కలిసే ఇసుకలో పశువుల మంద దిగింది. మందతో వచ్చిన మనుషులకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. మూడో రోజుకు మిగిలినవాళ్లు మందను తోలుకుని వెళ్లిపోయారు. జంపక్క తల్లి తునికాకుకు పోయి, చనిపోయిన ఆడమనిషి పక్కన కూచుని ఉన్న ఈ పిల్లను చూసి ఎత్తుకొచ్చింది. "వారం దినాలు ఒకటే ఏడుపు. పేరు రూప్లి అన్నది, మిగిలిన మాటలు మాకు సమజ్ కాలే. హాతీ హాతీ అనేది. హాతీ అంటే ఏనుగని ఫారెస్టు జవాను చెప్పిండు. అడవిల ఏనుగును చూసి జడుసుకుందేమో అనుకున్నం."

ఆయన దాన్ని కాగితం అంచున పెన్సిలుతో రాసుకున్నారు: "చిన్నప్పుడు ఏనుగంటే భయం – జంపక్క."

ఆ సాయంత్రం ల్యాబుకు వచ్చి నా బల్ల పక్కన కూచున్నారు. "ఆవిడకి సంతకం రాదండీ. ఆరు తరాల ఆడవాళ్ల పేర్లు వరసగా చెప్పింది. నాకు మా నాయనమ్మ పేరు తెలియదు. ఇంతవరకూ తెలియదన్న సంగతి కూడా తెలియదు" అన్నారు. ఆ ఆదివారం వేంసూరు వెళ్లి తల్లిని అడిగారు. ఆదెమ్మ గారు చాలాసేపు ఆలోచించి, "అత్తమ్మా అనేదాన్ని నాయనా. పేరు పెట్టి పిలిచేవాళ్లు ఆ ఇంట్లో ఎవరున్నారు?" అన్నారట. తర్వాత ఆవిడే ఎవరో పెద్ద ముత్తయిదువను వాకబు చేసి, నెల తర్వాత కొడుక్కి కార్డు రాయించారు. ఆ పేరు వీరరాఘవమ్మ. ఆ కార్డు నాకు తెచ్చి చూపించారు. ఆయన అంత సంతోషంగా ఉండగా నేను చూడటం అదే మొదలు.

జంపక్క గింజలు పరిచిన రోజు నుంచి ఆయన కాగితాల్లో మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్న. ఈ పద్ధతి తానే కనిపెట్టానని ఆయన ఎప్పుడూ చెప్పుకోలేదు. "జంపక్క గింజలు సంచీలో పెట్టుకుని సైకిలు తొక్కితే కలిసిపోతాయి, అందుకని గీసుకున్నాను" అనేవారు. ఒకరు చెప్పినది పెన్సిలుతో రాసేవారు. వేరే ఇంట్లో, వేరే రోజున ఇంకొకరు అదే మాట చెబితే అప్పుడు సిరా. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో అంచున ఉండాలి. చనిపోయినవాళ్ల గుర్తుకు ఒక అడ్డగీత. ఎక్కడికో పోయి తిరిగి రానివాళ్లకు చుక్కల గీత. జ్వరాల కోసం మొదలుపెట్టిన ఈ కాగితాలు రెండేళ్లలో మూడు ట్రంకు పెట్టెలయ్యాయి. ఊళ్లవాళ్లు వాటిని ఇంటి కాయిదాలు అన్నారు. ముసలివాళ్లు సైకిలు చూడగానే "మా తాతది ఒకటి యాదికొచ్చింది సారూ, రాసుకో" అని పిలిచేవాళ్లు.

రూప్లి కాగితం మాత్రం పైన ఖాళీగానే ఉండేది. ఒక సున్న, ఆ సున్న మీద చుక్కల గీత, ఆ గీత పైన ఏమీ లేదు.

1978లో ఆ ఖాళీ నిండిందని అనుకున్నాం. తల్లాడ వైపు ఒక తండాలో రూప్‌సింగ్ అనే పెద్దాయన ఇంట్లో చిన్న ఆడపిల్ల ఒకతె అడవిలో తప్పిపోయిందని, ఆమె పేరు కూడా రూప్లి అని అక్కడి మలేరియా వర్కరు చెప్పాడు. పేరు కలిసింది, పశువుల మంద కలిసింది. నాకూ ఉత్సాహం వచ్చింది. "ఇంకేం ఆలోచిస్తారండీ, తీసుకెళ్లండి" అని నేనే తొందరపెట్టాను. ఆయన ఇంకొకరిని అడగకుండానే సిరాతో గీత కలిపేశారు.

రూప్లినీ హేమ్లానూ బస్సులో తీసుకెళ్లాం. రూప్‌సింగ్ ముసలాయన రూప్లి తల మీద చేయి పెట్టి ఏడ్చాడు. ఆమె కూడా ఏడ్చింది. మధ్యాహ్నం జొన్నరొట్టెలు తింటూ ఉండగా ముసలాయన భార్య, పిల్ల తప్పిపోయిన రోజు సంగతి చెప్పింది. రజాకార్లు పోయిన మరుసటి ఏడు, తండా పక్కన పోలీసుల క్యాంపు ఉండేదట. పిల్లకు అప్పుడు నాలుగేళ్లు.

రూప్లి తినడం ఆపేసింది.

"రజాకార్లు తిరిగినప్పుడు నేను నెమలిగూడెంలనే ఉన్న" అంది. "అడవిల దాక్కున్నోళ్లకు కడవతోని నీళ్లు మోసిన. నాలుగేండ్ల పిల్ల కడవ మోస్తదా?"

ముసలామె రొట్టె మళ్లీ వడ్డించింది. "నువ్వు మా బిడ్డవు కాకున్న తిను" అంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో రూప్లి కిటికీ వైపు తిరిగి కూచుంది. దిగాక చెంచురామయ్య గారు ఆమెతో "నన్ను క్షమించమ్మా. తొందరపడ్డాను. నిన్ను ఏడిపించాను, వాళ్లను కూడా ఏడిపించాను" అన్నారు.

"ఇప్పటిదాంక నన్ను వెతికినోళ్లు ఎవ్వరు లేరు సారూ" అంది రూప్లి. "నువ్వు తప్పు వెతికినా వెతికినవు గద."

హేమ్లా మాత్రం తండాకు వెళ్లే దారిలో ఆయన్ని పక్కకు పిలిచాడు. "ఇక వద్దు సారూ. మేం భూక్యా వాళ్లం. ఆమె పుట్టింటోళ్లు కూడా భూక్యాలే అని తేలితే? ఒక్క ఇంటి పేరోళ్లు అన్నాచెల్లెండ్ల లెక్క. ఇరవై ఏండ్లు సంసారం చేసినంక గట్ల తేలితే మేం ఏం కావాలె?" అన్నాడు. చెంచురామయ్య గారికి ఆ భయం అంతవరకూ తట్టలేదు. మీ ఇద్దరి అనుమతి లేకుండా ఇంకో ఇంటికి వెళ్లనని మాట ఇచ్చారు. ఆరు నెలల తర్వాత హేమ్లాయే వచ్చాడు. రూప్లి అడగడం మానేసిందని, కానీ తండాకు ఎవరి అన్న చీర పట్టుకుని వచ్చినా ఆ రోజు అన్నం తినదని చెప్పాడు. "చూడు సారూ. ఏదైతే అదే అయితది" అన్నాడు.

ఈసారి ఆయన రెండో రకం చార్టు తయారుచేశారు. పొడుగ్గా నిచ్చెనలాంటి కాగితం. ఒక్కో మెట్టుకు ఒక్కో సంవత్సరం. తండాల్లో, గూడేల్లో ఎవరికీ పుట్టిన తేదీలు ఉండవు, ఏళ్లకు పేర్లు ఉంటాయి. గోదారికి పెద్ద వరద వచ్చిన ఏడు, మొదటి ఓట్ల ఏడు, రజాకార్ల ఏడు, వెదురు పూసిన ఏడు. పదిమంది పెద్దవాళ్లను విడివిడిగా అడిగి వాటిని మెట్ల మీద పేర్చారు. రూప్లి వచ్చిన ఏడు వెదురు బియ్యం వండుకున్నామని జంపక్క చెప్పింది. వెదురు పూసింది రజాకార్ల ఏడుకు ఆరేడేళ్ల ముందని నలుగురు చెప్పారు. అంటే రూప్లి దొరికింది 1941, 42 ప్రాంతంలో. రూప్‌సింగ్ కూతురు ఆ నిచ్చెన మీద అప్పటికి పుట్టనే లేదు. "ఈ కాగితం ముందే గీసి ఉంటే ఆ ముసలాయన్ని ఏడిపించేవాణ్ణి కాదు" అని నా దగ్గర చాలాసార్లు అన్నారు.

1979 చివర్లో, కోతలయ్యాక, వాగొడ్డు తండాకు ఢాడి వచ్చాడు. లంబాడీల వంశాలను తరతరాలుగా పాటగా చెప్పేవాళ్లను ఢాడి అంటారు. ఆయన చేతిలో తీగల వాయిద్యంతో కూచుని ఒక్కో ఇంటి తాతముత్తాతల పేర్లు పాడుతుంటే చెంచురామయ్య గారు పొద్దంతా పక్కనే కూచున్నారు. పాట అయ్యాక, వెదురు పూసిన ఏడు తప్పిపోయిన ఆడపిల్ల ఏ పాటలోనైనా ఉందా అని అడిగారు.

ఢాడి ముసలాయన నవ్వాడు. "ఆడపిల్లలు వేరే ఇంటికి పోతరు గద బిడ్డా. వాళ్ల పేర్లు మా పాటల ఉండవు."

"అయితే ఆ ఏడు గోదారి దిక్కు మంద తోలుకుపోయి, తిరిగి రాని మగవాళ్లున్నారా?"

ముసలాయన కళ్లు మూసుకుని ఏదో వరస లోపల చదువుకున్నాడు. జూలూరుపాడు అవతల ఒక తండాలో బానోత్ వాళ్లు మూడిళ్లు ఆ ఏడు మంద తోలుకుపోయారు. అందులో ఒకడు తిరిగి రాలేదు. అతని కొడుకు మాత్రం బతికి వచ్చాడు, ఇప్పుడూ ఉన్నాడు.

ఈసారి ఆయన రూప్లికి ఏమీ చెప్పలేదు. నన్ను వెంటబెట్టుకుని మొదట తానే వెళ్లారు. ఆ ఇంట్లో పెద్దమనిషి పొలానికి పోయి ఉన్నాడు. వాకిట్లో ఒక ముసలామె రాగులు చెరుగుతోంది. ఇంటి పెద్దకు మేనత్త అట. చెంచురామయ్య గారు తన పద్ధతిలో అడిగారు. తప్పిపోయిన పిల్ల మాట ఎత్తలేదు. మంద తోలుకుపోయిన మీ తమ్ముడికి ఎంతమంది పిల్లలు అని మాత్రమే అడిగారు.

"ఇద్దరు" అంది ముసలామె. "ఒక పిలగాడు, ఒక పిల్ల. మందతోని పోయినప్పుడు వాంతులొచ్చి మా తమ్ముడు, మరదలు పోయిన్రు. పిల్ల కూడ పోయిందన్నరు. నేను మట్టి చూడలే. రెండు వాగులు కలిసే కాడ పెట్టినమన్నరు."

ఆయన చేతిలో పెన్సిలు ఆగింది. "పిల్లాడి పేరేంటమ్మా?"

"హాతీరాం. ఇప్పుడు వస్తడు."

"పిల్ల తన అన్నని ఏమని పిలిచేది?"

ముసలామె చేట కింద పెట్టింది. "హాతీ అనేది. మా రూప్లికి పూర్తిగ అననీకి నోరు తిరగక."

చెంచురామయ్య గారు సంచీలోంచి రూప్లి కాగితం తీశారు. మడతలు విప్పి అంచున మూడేళ్ల కిందట పెన్సిలుతో రాసుకున్న మాట మీద వేలుపెట్టి నాకు చూపించారు. ఆ పిల్ల ఏనుగును చూసి జడుసుకోలేదు. వారం రోజులు తన అన్నను పిలిచింది.

పొలం నుంచి హాతీరాం వచ్చాడు. నలభై ఏడు, నలభై ఎనిమిదేళ్ల మనిషి. సంగతి విని లోపలికి వెళ్లి చొక్కా వేసుకుని వచ్చి, "పోదాం పదుండ్రి" అన్నాడు. అతన్ని ఆపి, ముందు రూప్లికి చెప్పాలి, నాలుగు రోజులు ఓపిక పట్టమని ఒప్పించడం కష్టమైంది.

మా దవాఖానాకు తిరిగి వచ్చాక చెంచురామయ్య గారు, ఎప్పుడో కొట్టేసిన రూప్‌సింగ్ గీత పక్కన, బానోత్ ఇంటి గీతను సిరాతో గీశారు. బానోత్, భూక్యా వేరు వేరు ఇంటిపేర్లు కాబట్టి హేమ్లా భయం కూడా ఆ గీతతోనే పోయింది.

మర్నాడు ముందుగా నెమలిగూడెం వెళ్లారు. జంపక్క విని, సంతోషించినట్టే తల ఊపి, అంతలోనే ముఖం తిప్పుకుంది.

"మంచిదే సారూ. గని మేనమామ లేడు లేడు అంటుండిరి. మా తమ్ముడు పగిడయ్య మేనమామ గాడా? లాలి పుట్టినప్పుడు ఊయల కట్టిందెవరు? ఇప్పుడు సొంత అన్న వచ్చె. నీ కాయిదంల మేం యాడ ఉంటం?"

ఆయన సంచీలోంచి కాగితం తీసి ఆమె ముందు పరిచి, "నువ్వే చెప్పు జంపక్కా, ఎక్కడ పెట్టమంటావు?" అన్నారు.

జంపక్క గీతలను వేలితో తడిమి చూసింది. రూప్లి సున్నకు పైన ఇప్పుడు ఒక తల్లీ తండ్రీ ఉన్నారు. వాళ్లకు ఎదురుగా, రెండో వైపున, వేలు పెట్టి "మా అవ్వను ఈడ పెట్టు" అంది. "గామె కన్నది. మా అవ్వ బతికిచ్చింది. రెండు గీతలు రానీ. దీని నెత్తి మీద జాగ లేదా ఏంది?"

అలాగే గీశారు. కన్న గీత ఒకటి, పెంచిన గీత ఒకటి. పెంచిన గీతను చుక్కలతో కాకుండా నిండు గీతగానే గీశారు. ఆ తర్వాత ఏ ఇంట్లో పెంపుడు పిల్లలున్నా ఆయన అలాగే గీసేవారు.

ఆ సాయంత్రమే రూప్లికీ సంగతి చెప్పారు. నాలుగో రోజు హాతీరాం, మేనత్త వాగొడ్డు తండాకు వచ్చారు. పుట్టింటివాళ్లు కలిసినప్పుడు మెడ చుట్టూ చేతులు వేసుకుని రాగం తీసి ఏడవడం తండాల్లో ఆడవాళ్ల ఆచారం. రూప్లికి ఆ రాగం రాదు. ఆమెకు ఎప్పుడూ ఆ అవసరం రాలేదు. మేనత్త రాగం ఎత్తుకుంది. రూప్లి ఆమె భుజం మీద తల పెట్టి, ఆ పదాలు ఒక్కొక్కటీ వెనక నుంచి అందుకుంటూ ఏడ్చింది. హాతీరాం దూరంగా నిలబడి తువాలుతో ముఖం తుడుచుకుంటూనే ఉన్నాడు. చివరికి చెల్లెలి ముందుకు వచ్చి ఒకే మాట అన్నాడు. "నేను గప్పుడు చిన్నోణ్ని. నువ్వు చచ్చిపోయినవని చెప్పిన్రు. నమ్మిన."

"నన్ను మంచిగనే చూసుకున్నరు" అంది రూప్లి. "రా, మా అక్కను చూద్దువు."

1980 వేసవిలో లాలి పెళ్లి జరిగింది. పిల్లవాడు మోతీలాల్ సత్తుపల్లి వైపు తండా వాడు, ఆర్టీసీలో క్లీనరు. మేనమామ నిలబడవలసిన చోటికి హాతీరాం వచ్చి, వెనక్కి తిరిగి పగిడయ్యను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. "నేను నిన్న మొన్న వచ్చినోణ్ని. నువ్వు పద్దెనిమిదేండ్ల సంది మేనమామవు. ఇద్దరం నిలబడదాం" అన్నాడు. తండా పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకాయన "ఇద్దరుంటే మంచిదే" అన్నాడు. జంపక్క పసుపు కొమ్ములు, అడవి తేనె తెచ్చింది. మేనత్త ముసలామె ఆమెను పక్కన కూచోబెట్టుకుని భోజనం అయ్యేదాకా వదల్లేదు. ఆమె లంబాడీలో మాట్లాడితే ఈమె కోయలో జవాబు చెప్పింది. ఇద్దరికీ బాగానే అర్థమైనట్టుంది.

మమ్మల్ని కూడా పిలిచారు. రూప్లి చెంచురామయ్య గారి ఎదుట వచ్చి నిలబడింది. ఆయన విస్తట్లో ఇంకో రెండు రొట్టెలు వేసి వెళ్లింది. ఆయన అన్నీ తిన్నారు.

ఈ సంగతి చుట్టుపక్కల పాకింది. తర్వాతి పదిహేనేళ్లలో ఆయన దగ్గరికి రకరకాల వాళ్లు వచ్చారు. చిన్నప్పుడు ఊరు విడిచిపోయిన తమ్ముణ్ణి వెతుక్కునేవాళ్లు, వావివరసలు తెలియక సంబంధం ఆగిపోయినవాళ్లు. కోస్తా నుంచి వలస వచ్చిన పెద్ద రైతులు కూడా, తమ తాత ఏ ఊరినుంచి బయలుదేరాడో తేల్చిపెట్టమని అడిగేవాళ్లు. అందరికీ దొరకలేదు. దొరకని కాగితాలే ఎక్కువ. దొరకకపోతే ఆయన ఆ చుక్కల గీతను అలాగే ఉంచి, "ఇంతవరకు తెలిసింది, ఇక్కడినుంచి తెలియలేదు" అని రాసి ఇచ్చేవారు. దానికి కూడా వాళ్లు దండం పెట్టి వెళ్లేవాళ్లు. తెలిసినంత మటుకైనా ఒక కాగితం మీద చూసుకోవడం వాళ్లకు కొత్త.

తల్లాడ రూప్‌సింగ్ ముసలాయన కూతురు ఎప్పటికీ దొరకలేదు. చెంచురామయ్య గారు మాత్రం ఆ ముసలాయన బతికి ఉన్నంతకాలం ఏడాదికొకసారి వెళ్లి పలకరించి వచ్చేవారు. ఒకసారి ఎందుకు వెళ్తారని అడిగాను. "వాళ్లింట్లో రొట్టె తిన్నాం కదండీ" అన్నారు.

జంపక్క 1991లో చనిపోయింది. దినాలకు రూప్లి, హేమ్లా, లాలి, లాలి పిల్లలు, హాతీరాం కుటుంబం అందరూ నెమలిగూడెం వెళ్లి పదిరోజులు ఉన్నారని పగిడయ్య చెప్పాడు.

నేను అప్పటికే ఖమ్మానికి బదిలీ అయి, ఖానాపురం హవేలిలో ఇల్లు కట్టుకున్నాను. 1996లో ఆయన రిటైరయ్యారు. దవాఖానా వరండాలో టీ, బిస్కెట్లతో చిన్న సభ పెట్టారని తెలిసి బస్సెక్కి వెళ్లాను. డాక్టరు గారు రెండు మాటలు చెప్పి పూలదండ వేశారు. బయట చూస్తే చెట్ల కింద నూరు నూటయాభై మంది. తండాల వాళ్లు, గూడేల వాళ్లు, వేంసూరు రైతులు. ఎవరూ పిలవకుండానే వచ్చారు. ఆయన దండ తీసి బల్ల మీద పెట్టి, ఆ ట్రంకు పెట్టెలు వరండాలోకి తెప్పించారు. ఒక్కో ఇంటి కాగితం ఒక్కో ఇంటివాళ్లకు పేరు పిలిచి ఇచ్చేశారు. "ఇవి నావి కావు. నా దగ్గర దాచుకోనిచ్చారు, అదే పెద్ద మేలు. మీ గడపలన్నిటికీ నేను రుణపడ్డాను" అన్నారు. ఆయన నలుగురి ముందు మాట్లాడింది అంతే.

రూప్లి తన కాగితం తీసుకుంది. ఆమె పక్కన లాలి, లాలి కూతురు ఉన్నారు. ఆ పిల్ల సత్తుపల్లిలో ఇంటర్ చదువుతోంది. కాగితం విప్పి, కింది వరసలో తన తమ్ముడి పేరు లేదని గమనించింది. "మా తమ్ముడు పుట్టినంక మీరు రాలేదు తాతా" అంది.

చెంచురామయ్య గారు చెవి మీది పెన్సిలు తీసి ఆమె చేతికి ఇచ్చారు. ఆ పిల్ల అక్కడే వరండా మెట్ల మీద కూచుని, స్కేలు లేకపోవడంతో బిస్కెట్ల ప్యాకెట్టు అంచు ఆనించి ఒక చదరం గీసి, లోపల పేరు రాసి, పక్కన చిన్న అక్షరాలతో "చెప్పినది: అక్క" అని రాసింది. రూప్లికి చదవడం రాదు. మనమరాలి చేత ఆ కాగితంలో ఉన్న పేర్లన్నీ పైనుంచి కిందికి, జంపక్క తల్లి పేరుతో సహా, ఒక్కొక్కటిగా చదివించుకుని వింది.